ఆ మిగతా 98 శాతం సంగతేంటి?

పారిశ్రామికవాడ పక్కనున్న ఏ ఊరికెళ్లినా బడి గోడ మీదో, ఆర్‌ఓ ప్లాంటు మీదో, బస్‌షెల్టర్ మీదో ఒక కంపెనీ పేరు కనిపిస్తుంది. తప్పేం లేదు. ఊరికి మంచినీళ్లు వచ్చాయి, పిల్లలకు బెంచీలు వచ్చాయి. మా అభ్యంతరం ఆ బోర్డు మీద కాదు, దాన్ని చూపించి సామాజిక బాధ్యత తీరిపోయిందని చెప్పుకోవడం మీద.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. మొదట్లో ఖర్చు పెట్టకపోతే కారణం రాస్తే సరిపోయేది. 2021 నుంచి మిగిలిన సొమ్మును నిర్దేశించిన నిధికి జమ చేయాలి, లేదంటే జరిమానా. కేవలం సొంత ఉద్యోగులకే ఉపయోగపడే ఖర్చును కార్పొరేట్ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద చూపకూడదని కూడా నిబంధనలు చెబుతున్నాయి. అది న్యాయమే. కార్మికుడికి హెల్మెట్ ఇచ్చి దానం చేశామని రాసుకుంటే ఎలా? కానీ ఆచరణలో జరుగుతున్నది వేరు. ఆ 2 శాతానికి బోర్డులో కమిటీ ఉంటుంది, వార్షిక నివేదికలో రంగుల పేజీలుంటాయి. మిగతా లాభం ఎలా వచ్చిందో, దాని కోసం ఎవరి ప్రాణాలు పణంగా పెట్టారో అడిగే పేజీ మాత్రం ఉండదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో ఆగిన ప్లాంటు అది. ట్యాంకులో వేడి పెరుగుతున్నా ఎవరికీ పట్టలేదు. సైరన్ మోగలేదు. నిద్రలో ఉన్న ఊరు రోడ్ల మీద పడిపోయింది. ఏళ్లుగా పర్యావరణ అనుమతి లేకుండానే నడిపామని ఆ కంపెనీయే అంతకు ముందు ఏడాది అఫిడవిట్‌లో ఒప్పుకొంది. అప్పుడైనా అడిగిన అధికారి లేడు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మాలో సాల్వెంట్ ఆవిరి అంటుకుని 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా బలయ్యారు. వారిలో ఎక్కువమంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్ల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. కొందరి ఆనవాలు కూడా దొరకలేదు. డీఎన్ఏ పరీక్షల కోసం ఇంటివాళ్లు రోజుల తరబడి ఆసుపత్రుల దగ్గర పడిగాపులు కాశారు. ఆ తర్వాత యథాప్రకారం కోటి రూపాయల పరిహారం ప్రకటన. ఆవును చంపి చెప్పులు దానం చేయడమంటే ఇదే.

దాతృత్వం వేరు, నిజాయతీ వేరు అన్న సంగతి తెలుగువాళ్లకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు 2005లో మొదలుపెట్టిన 108 అంబులెన్స్ లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడింది. ఆ మంచిని ఎవరూ కాదనలేరు. అదే సత్యం 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. 2009 జనవరి 7న వేల కోట్ల లెక్కలు అబద్ధమని ఆయనే లేఖ రాశారు. అంబులెన్స్ నిజం, బ్యాలెన్స్ షీట్ అబద్ధం. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని మాఫీ చేయమని అడగడం కుదరదు.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో, అప్పట్లో అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 41బి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర రసాయనాలు వాడే యాజమాన్యం వాటి ముప్పు ఏమిటో, తప్పించుకునే దారేమిటో కార్మికులకే కాదు, స్థానిక సంస్థకూ, చుట్టుపక్కల జనానికీ తెలియజేయాలన్నది దాని సారాంశం. వెంకటాపురంలో ఎంతమందికి స్టైరీన్ పేరు తెలుసు? ఇంత మంచి నిబంధన ఇంత నిశ్శబ్దంగా కాగితం మీద ఉండిపోవడానికి కంపెనీలే కాదు, ప్రభుత్వాలూ కారణమే. పెట్టుబడులు తరలిపోతాయన్న టెన్షన్‌లో తనిఖీలను తగ్గించి, మీకు మీరే సర్టిఫై చేసుకోండి అన్నారు. పెట్టుబడి రావాలి, కాదనం. గుమ్మంలో ఏ రసాయనం ఉందో చెప్పమంటే వెళ్లిపోయే పెట్టుబడి అసలు ఎందుకు?

ప్రమాదం జరిగినప్పుడల్లా కేసు షిఫ్ట్ ఇన్‌చార్జి మీదో, మేనేజర్ మీదో ఆగిపోతోంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఆ ఫ్యాక్టరీల చట్టం మాత్రం కంపెనీ నడిపే ఫ్యాక్టరీకి డైరెక్టర్లలో ఒకరినే ఆక్యుపయర్‌గా, అంటే ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఉన్న వ్యక్తిగా లెక్కగట్టింది. బాధ్యత పైకి వెళ్లాలన్నదే దాని ఉద్దేశం. అందుకే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మేం అడుగుతున్నది ఇది. రసాయన, ఫార్మా యూనిట్ల సేఫ్టీ ఆడిట్ నివేదికలను ఆ డైరెక్టర్ సంతకంతో గ్రామ పంచాయతీలో తెలుగులో పెట్టించండి. గేటు దగ్గర హిందీ, ఒడియా ప్రతులు కూడా ఉంచండి, లోపల పని చేసేది వాళ్లే కాబట్టి. కాంట్రాక్టర్ తెచ్చిన కూలీ పేరు కూడా ప్రతి షిఫ్టు హాజరులో ఉండాలి. ఏటా ఒక్కసారైనా ఊరివాళ్లను కలుపుకుని మాక్ డ్రిల్ చేయించండి. పాత ఆడిట్‌లో చూపిన లోపం సరిదిద్దని కంపెనీకి ఆ ఏడాది సీఎస్ఆర్ అవార్డులు ఇవ్వకండి, మంత్రులు దాని శిలాఫలకాలు ఆవిష్కరించకండి. వీటిలో చాలావాటికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.