వెనుక వరుస గొంతులు

మొన్న మన తెలుగు సంఘం దసరా వేడుకలో మన పిల్లలు 15 మంది కలిసి ఒక పాట పాడారు. రెండు నెలల సాధన. తీరా వేదిక ఎక్కేసరికి ముందే రికార్డు చేసి పెట్టిన వాద్యసంగీతం హోరెత్తింది. ఉన్న రెండు మైకులూ ముందు వరుసలో ఇద్దరి చేతికి వెళ్ళాయి. మిగతా 13 మంది పెదవులు కదలడం చూశాం, గొంతు వినలేదు. వెనుక వరుసలో ఒక పాప చరణం మొత్తం కళ్ళు మూసుకుని పాడింది. ఎంత బాగా పాడిందో సభలో ఎవరికీ తెలియదు. ఆ పాప కోసమే ఇది రాస్తున్నాను.

మనముండే ఫిలడెల్ఫియాలోనే ‘ది క్రాసింగ్’ అనే ఛాంబర్ కోయిర్, అంటే చిన్న బృందగాన సమూహం, ఉంది. డోనాల్డ్ నాలీ 2005లో మిత్రులతో కలిసి దాన్ని ప్రారంభించారు. వెల్ష్ నేషనల్ ఒపేరాలో, షికాగో లిరిక్ ఒపేరాలో బృందగాయకులను తీర్చిదిద్దిన కండక్టర్, అంటే చేతి సైగలతో పాటను నడిపించే వ్యక్తి, ఆయన. కోయిర్‌లో ఉండేది 24 మంది. అందరికీ పాటే వృత్తి. పాడేది ఎక్కువగా కొత్త సంగీతం, అదీ నేటి స్వరకర్తల చేత అడిగి రాయించుకున్నది. అలా పుట్టిన రచనలు వందకు పైమాటే. మతోన్మాదం మీద నైజీరియా రచయిత వోలే సోయింకా మాటల ఆధారంగా లాన్సింగ్ మెక్‌లోస్కీ కూర్చిన ‘జెలట్ కాంటికిల్స్’కు 2019లో గ్రామీ అందుకున్నారు.

చెస్ట్‌నట్ హిల్ ప్రెస్బిటేరియన్ చర్చిలో వాళ్ళను మొదటిసారి విన్నాను. మృదంగం లేదు, తంబురా లేదు. తట్టితే ఒకే స్వరం పలికే శ్రుతిదండాన్ని ఒక గాయని మోకాలికి తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. నాలీ చెయ్యి లేచింది. ఎంత ఊపిరి తీసుకోవాలో, ఎంత మెల్లగా అందుకోవాలో ఆ చెయ్యి లేచిన తీరులోనే ఉంది. ఒక స్వరం ఎంతసేపటికీ తెగలేదు. పక్కపక్కన నిలబడ్డవారు ఒకేసారి ఊపిరి తీసుకోరని, వంతులవారీగా తీసుకుంటారని నాకు తర్వాత తెలిసింది. నేను ఆగినప్పుడు నా పక్కవాడు నిలబెడతాడన్న నమ్మకంతో పాడడం అది.

ఆ ఊపిరే 2020లో భయపెట్టింది. మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ లోయలో ఒక కోయిర్ సాధనకు వచ్చిన 61 మందిలో 53 మంది కోవిడ్ బారిన పడ్డారు, ఇద్దరు చనిపోయారు. దేశమంతటా బృందగానం ఆగిపోయింది. ది క్రాసింగ్ ఆ అక్టోబరులో బక్స్ కౌంటీలోని బౌమన్స్ హిల్ అడవిపూల వనానికి వెళ్ళింది. గాయకులు చెట్ల మధ్య దూరదూరంగా నిలబడ్డారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో స్పీకరు. శ్రోతలు కాలిబాట వెంట నడుస్తూ ఒక్కొక్క గొంతునూ దాటుకుంటూ విన్నారు. పాటను బతికించుకోవాలంటే ఇంత పట్టుదల కావాలి.

మనకు కలిసి పాడడం కొత్త కాదు. అన్నమయ్య కీర్తనల గోష్ఠిగానం ఉంది, తిరువయ్యారులో వందలమంది గొంతు కలిపే పంచరత్నాలు ఉన్నాయి, బుర్రకథలో వంతలు ఉన్నారు. కాని గోష్ఠిలో అందరిదీ ఒకే వరస. కోయిర్‌లో సోప్రానో, ఆల్టో (ఆడవాళ్ళ పై గొంతు, కింది గొంతు), టెనర్, బాస్ (మగవాళ్ళ పై గొంతు, కింది గొంతు) ఎవరి వరస వారిదే, అన్నీ కలిస్తేనే పాట. గమకాలున్న రాగాన్ని ఇలా విడదీస్తే చెడిపోతుందని మన సంగీత గురువులు అంటారు. ఆ మాటలో నిజముంది. తోడి రాగాన్ని నాలుగు వరసలుగా చీల్చమని నేనూ అడగను. జానపదాలు, గేయాలు, కొత్త కవితలు మాత్రం అందుకు సిద్ధంగా ఉన్నాయి. చిత్తూరులో పుట్టిన ఎం.బి.శ్రీనివాసన్ మద్రాస్ యూత్ కోయిర్ స్థాపించి భారతీయ భాషల్లో బృందగానం సాధ్యమని ఏనాడో చూపించారు.

పైగా మన భాష అజంతం, మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు పాటలో పదం చివర ‘ట’కారమో ‘స’కారమో వస్తే 24 మంది ఒకే క్షణంలో దాన్ని తెంచాలి. ఒక్కరు ఆలస్యమైనా పాము బుసలా వినబడుతుంది. సాధనలో ఎంతో సమయం దానికే పోతుంది. ‘వెన్నెల’ అన్న మాట చూడండి. చివరి అచ్చును ఎంతసేపైనా నిలబెట్టవచ్చు. ‘న్నె’ దగ్గర మాత్రం అందరి నాలుకలూ ఒకేసారి పళ్ళ వెనుక ఆగి, ఒకేసారి వదలాలి. ఒత్తుల దగ్గర కష్టపడితే చాలు, మిగతాది భాషే మోస్తుంది. ఈ మాటలను 24 గొంతుల్లో వినాలని నాకెంత ఆశగా ఉందో చెప్పలేను.

అందుకే కార్యవర్గాన్ని అడుగుతున్నాను. వచ్చే ఏడాది వేడుకకు గాయకులను రప్పించే ఖర్చులో కొంత పక్కన పెట్టండి. ఒక తెలుగు కవిత ఎంచుకుని, స్వరకర్తకు పారితోషికం ఇచ్చి నాలుగు వరసల్లో రాయిద్దాం. శిక్షణ పొందిన కండక్టర్‌ను జీతం ఇచ్చి పెట్టుకుందాం. ఉచిత సేవ మీద నడిపితే మూడో వారానికి సగం మంది రారు, అది మనం చూసిందే. పన్నెండు మందితో మొదలుపెట్టవచ్చు. మొదటి పిలుపు దసరాకు పాడిన ఆ 15 మంది పిల్లలకు వెళ్ళాలి, మైకులు అందని వెనుక వరుసకు ముందుగా.

సాధనకు ఆదివారం సాయంత్రాలు మా ఇంటి బేస్‌మెంటు ఖాళీగా ఉంటుంది. శ్రుతిదండం కొని పెట్టాను.