ఆ పద్దు ఎవరు విప్పాలి?

'కళ్లు పరీక్షించి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టుల సంస్థల పాలకవర్గంలో ఆప్టోమెట్రిస్టులే ఉండాలి, బయటివాళ్లకేం తెలుసు' అని ఒకాయన వ్యాసం రాశారు. నేనూ ఆ వృత్తిలోనే ఉన్నాను, అయినా ఒప్పుకోలేను. ఆయన రెండు వేర్వేరు సంస్థల్ని ఒకే గాటన కట్టేశారు. సభ్యుల చందాలతో నడుస్తూ వాళ్ల తరఫున మాట్లాడే సంఘం వేరు. కళ్లు చూపించుకునేవాళ్ల భద్రత కోసం రిజిస్ట్రేషన్ ఇచ్చి, తప్పు చేస్తే పేరు కొట్టేసే కౌన్సిల్ వేరు. బ్రిటన్‌లో ఆ రెండో పని జనరల్ ఆప్టికల్ కౌన్సిల్‌ది. 1958 ఆప్టీషియన్ల చట్టంతో పుట్టింది. అందులో 12 మంది సభ్యులుంటే సగం మంది ఈ వృత్తితో సంబంధం లేనివాళ్లే. పైగా వాళ్లలో ఎవరినీ ఎన్నుకోరు, అందరినీ బ్రిటన్ రాజుకు సలహాలిచ్చే ప్రివీ కౌన్సిల్ నియమిస్తుంది.

సరే, సంఘానికైనా బయటివాళ్లు అక్కర్లేదా? ఒక సంఘం కార్యవర్గంలో రెండేళ్లు ఉన్నాను. సర్వసభ్య సమావేశంలో కోశాధికారి లెక్కలు చదువుతుంటే, వెనక వరుసల్లో లెన్సుల కంపెనీ పంచిన బ్యాగులు తెరిచి చూసుకుంటున్నారు. 'సదస్సులు, ప్రయాణాలు, ఇతరములు' అన్నీ కలిపి ఒకే పద్దు! దేనికెంత అని అడిగాను. 'తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం సార్' అన్నారు. ఆ 'తర్వాత' ఇంతవరకూ రాలేదు. దిగిపోయిన అధ్యక్షుడు గౌరవ సలహాదారు అయ్యారు, ఫైళ్లు మాత్రం ఆయన బీరువాలోనే ఉండిపోయాయి.

నేనూ మళ్లీ అడగలేదు లెండి. రేపు పేషెంటును పంపేది, పంపించుకునేది వాళ్ల దగ్గరికే కదా, మొహమాటం. మాతో ఏ లావాదేవీ లేని ఒక అకౌంటెంటో, రిటైరైన టీచరో ఆ బల్ల దగ్గర ఉంటే ఆ పద్దును అలా వదిలేసేవారా?