గొంతు నరానికి యూటర్న్ ఎందుకు?

దేవుడు లేడనే హేతువాదులతో నాకు పేచీ. మన ఒంటిని ఎవరో ప్లాన్ గీసి కట్టారనడానికి ఇన్ని ఆధారాలుంటే కాదంటారేమిటి? నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ డిజైనర్ గారు హైదరాబాద్‌లోనే పని నేర్చుకున్నారని కూడా నా నమ్మకం.

గొంతు నరాన్నే చూడండి. మెదడు నుంచి స్వరపేటికకు జానెడు దూరం. ఎడమవైపు నరం మాత్రం గొంతు పక్కనుంచే కిందికి పోయి, ఛాతీలో దూరి, గుండె దగ్గర బృహద్ధమని కింద మలుపు తిరిగి, మళ్ళీ పైకొస్తుంది. జిరాఫీలో ఈ ప్రయాణం నాలుగు మీటర్లు దాటుతుంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు శంషాబాద్ మీదుగా పొమ్మన్నట్టు! జంక్షన్ మూసేసి, ముందుకెళ్ళి యూటర్న్ తీసుకోమనే ఆ పనితనం మనవాళ్ళు ఇట్టే గుర్తుపడతారు. జీవశాస్త్రం వాళ్ళది వేరే కథ. చేపల్లో ఈ నరం మొప్పలకు నేరుగానే పోయేదట. కోట్ల ఏళ్ళలో మెడ సాగి, గుండె కిందికి జరిగి, ధమని వెనకాల చిక్కుకున్న నరం సాగుతూ పోయిందట. ఎవరూ ప్లాన్ గీయకపోతేనే ఇలా తయారవుతుందట. ప్లాన్ గీసినా ఇలాగే తయారవుతుందని, మన ఊరు చూసి ఉంటే వాళ్ళకూ తెలిసేది.

బిర్యానీ ముందు కూర్చుంటే ఇంకో ఆధారం. ప్లేట్లోని పొట్టేలు బతికున్నన్నాళ్ళూ సి విటమిన్ తన కాలేయంలో తానే తయారు చేసుకుంది. మనకూ ఆ జన్యువు ఉంది, పాడైపోయి పడి ఉంది. అందుకే నిమ్మచెక్క. చింపాంజీకీ అది పాడైపోయే ఉంది. ఇద్దరికీ తాత ఒక్కడే కాబట్టి అంటారు శాస్త్రవేత్తలు. కాదు, గోడౌన్లో మిగిలిపోయిన సరుకే డిజైనర్ గారు ఇద్దరికీ వేశారు.

కోర్టుల మాటకొస్తే, జీవుల్ని తెలివైన డిజైనరెవరో గీసి కట్టారనే ఇంటెలిజెంట్ డిజైన్ వాదం సైన్సు కాదని 2005లో అమెరికాలో, పెన్సిల్వేనియాలోని డోవర్ స్కూళ్ళ కేసులో జడ్జి జాన్ జోన్స్ తేల్చేశారు. ఆ వాదం తరఫున సాక్ష్యం చెప్పిన బయోకెమిస్ట్ మైకేల్ బీహీని, మీ నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా శాస్త్రీయ సిద్ధాంతమేనా అని అడిగితే అవునన్నారు. అక్కడ నవ్వులపాలయ్యారు పాపం, ఇక్కడైతే శాలువా కప్పేవాళ్ళం. యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సుకు యూజీసీ 2001లోనే తెర తీసింది. హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ దాని మీద కేసు వేసి ఇక్కడి హైకోర్టులో ఓడిపోయారు, 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. అమెరికా కన్నా ఏడాది ముందున్నాం మనం.

ఒక్కటే చిక్కు. డిజైనర్ ఎవరంటే ఆ సిద్ధాంతం వాళ్ళు నోరు విప్పరు. పేరు చెబితే అక్కడ సర్కారు బళ్ళో మతం బోధిస్తున్నారని కేసు పడుతుంది మరి. మా కాలనీలో పేర్లకు కొదవ లేదు. ఇంటికొకరు, ప్రతి ఒక్కరూ మెయిన్ కాంట్రాక్టరే. ఈమధ్యే నేను జ్ఞానదంతం పీకించుకున్నాను, దవడలో చోటు చూడకుండానే పన్ను మంజూరు చేశారు. బిల్లు నా దగ్గరే ఉంది. ఎవరి ఆఫీసులో ఇవ్వాలో చెబితే, జీఎస్టీతో సహా ఇచ్చి రసీదు తీసుకుంటాను.