“ఫాంట్ పంపండి” అనే ముందు అక్షరాలకేసి చూడండి బాబూ

విశాఖ డాబాగార్డెన్స్‌లో డీటీపీ షాపు నుంచి ప్రెస్‌కి ఫైలు వెళ్తుంది. అరగంటలో ఫోను: “ఏటండీ, అక్షరాలు పోయాయి, ఫాంట్ పంపండి.” వాట్సాప్‌లో ఆరు ఫాంట్ ఫైళ్లు, అంటే టీటీఎఫ్‌లు వెళ్తాయి. అన్నీ ఎక్కిస్తారు, ఏమీ మారదు. మళ్లీ ఫోను. మూడు వేర్వేరు జబ్బులకి ఒకటే మాత్ర వేస్తే ఇంతే!

బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర ఉత్సవాల కరపత్రమే తీసుకోండి. అందులో ‘మహాలక్ష్మి’ ఎలా చెడిందో చూడండి చాలు.

చుక్కలూ టోపీలూ పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తే అది అను లాంటి పాత ఫాంట్‌లో కొట్టిన ఫైలు. లోపల ఉన్నది తెలుగే కాదు, ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారంతే. ఆ పాత ఫాంట్ పంపితే కుదిరేది ఈ ఒక్క కేసులోనే. అదీ కొట్టినప్పటి వెర్షనే కావాలి. అను 6కీ 7కీ గళ్ల అమరిక ఒకటి కాదు.

డబ్బాలు కనిపిస్తే లోపల యూనికోడ్ తెలుగు (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకటే కోడ్ ఉండేది) ఉంది, పైన తగిలించిన ఫాంట్‌లో తెలుగు లేదు. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్ తగిలించండి, అయిపోయింది. ఇక్కడ అను ఫాంట్లు ఎన్ని ఎక్కించినా దండగ.

‘మహాలక్‌ష్‌మి’ అని పొల్లులు విడివిడిగా నిలబడితే ఫాంట్ జోలికే వెళ్లకండి. ‘లక్ష్మి’లో ఉన్నవి 7 కోడ్లు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వాటిని కలిపి క్ష కట్టి, కింద మ వత్తు వేసి, పైన గుడి పెట్టడానికి ఫాంట్‌లో పట్టికలున్నాయి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో అక్షరాలు పేర్చే మామూలు కంపోజర్ వాటిని పట్టించుకోదు. టెక్స్ట్ అంతా సెలెక్ట్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘అడోబీ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ పెట్టండి. స్టైల్స్ (పేరు పెట్టి దాచుకున్న అమరికలు) వాడుతుంటే స్టైల్‌లోనే, జస్టిఫికేషన్ దగ్గర మార్చాలి. లేకపోతే స్టైల్ మళ్లీ తగిలించగానే పొల్లులు తిరిగొస్తాయి. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో యూనికోడే లేదు, అక్కడ ఈ వైద్యం అడక్కండి.

పాత పేజ్‌మేకర్ ఫైళ్లని నేరుగా తెరిచే చివరి ఇన్‌డిజైన్ సీఎస్6. ఆ కాపీ ఉన్న సిస్టమ్‌ని ఫార్మాట్ చేయకండి దయచేసి.

ఇక పాత ఫాంట్ తెలుగుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు. మొత్తం పేజీ ఎత్తి కన్వర్టర్‌లో పోస్తారు, మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలూ ఈమెయిల్ అడ్రసూ పిచ్చి తెలుగైపోతాయి. కన్వర్టర్‌కి రెండూ ఒకే రకం అక్షరాలు మరి! ముందు ఇంగ్లిష్ మాటల్ని ఫాంట్ పేరుతో వెతికి పక్కకి తీయండి. ఒక్క పేరా మార్చి, అందులో స్త్రీ, రాష్ట్రం, వైశాఖం లాంటి మాటలు సరిగ్గా వచ్చాయో లేదో చూశాకే మిగతాది. ఐత్వం ఒకే కోడ్‌గా రావచ్చు, ఎత్వమూ దాని కింది కొమ్మూ రెండుగా రావచ్చు. కంటికి తేడా తెలీదు, చాలా సాఫ్ట్‌వేర్లలో ఒక రకంతో వెతికితే మాత్రం రెండోది దొరకదు. కనిపించని గుర్తులు చెత్త అనుకుని తీసేసేవాళ్లు ఇంకో రకం. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత ఉన్న కనిపించని గుర్తు తీస్తే అది ‘సాఫ్ట్వేర్’ అవుతుంది, వ వత్తై కిందికి పోతుంది.

ఫాంట్ మారితే పేజీలూ జరుగుతాయి. ఆటో లీడింగ్ (లైనుకీ లైనుకీ దూరం) అంటే అక్షరం సైజులో 120 శాతం, 12 పాయింట్లకి 14.4. ‘స్త్రీ’ కింద రెండు వత్తులకి అది చాలదు, కింది లైను గుడిని గుద్దుతుంది. 12కి 17తో మొదలుపెట్టి చూడండి.

పంపేటప్పుడు ఫైల్ మెనూలో ప్యాకేజ్ నొక్కండి. ‘డాక్యుమెంట్ ఫాంట్స్’ ఫోల్డర్ ఫైలు పక్కనే ఉంటే ఇన్‌డిజైన్ తనే తీసుకుంటుంది. టీటీఎఫ్ ఫైలుకి పేరు మారిస్తే లోపలి పేరు మారదు, ఆ కిటుకు మానేయండి. ఫ్లెక్సీవాళ్లకి కర్వ్స్ చేసి (అక్షరాల్ని బొమ్మలుగా మార్చి) ఇవ్వండి, తప్పులేదు. కానీ దాన్నే ఓపెన్ ఫైల్ మీద సేవ్ చేసి, రేపు తేదీ మార్చమంటే ఎక్కడ మారుస్తారు?