కన్నుకుట్టడం మీద ఎర్రగీత

ఈ సాయంత్రం మా అమ్మాయి నోటుపుస్తకం చూసినప్పటి నుంచి ఒళ్ళు మండిపోతోంది. ఆరో తరగతి పిల్ల. రోజుకు పది ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టాలి. నిన్నటి మాటల్లో ఒకటి ‘కవెట్’. ఇంగ్లీషు అర్థాన్ని ఇరవైసార్లు వల్లించింది. అంటే ఏమిటమ్మా అని అడిగితే తెల్లమొహం వేసింది. “పక్కింటి పిల్ల కొత్త సైకిలు చూస్తే కన్ను కుడుతుందే, అది నాకే కావాలనే దాకా పోతే అదే కవెట్” అన్నాను. “కన్ను ఎలా కుడుతుంది నాన్నా!” అని కిలకిలా నవ్వింది. పెన్సిలుతో ఆ మాట పక్కనే ‘కన్నుకుట్టడం’ అని గుండ్రంగా రాసుకుంది.

ఇవాళ దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత! కింద, తెలుగులో రాయకూడదని హెచ్చరిక.

ఏం పాపం చేసిందని? దుర్యోధనుడి కథ ఒక్కటి చెబితే ఆ మాట జన్మలో మరిచిపోదు. రాజసూయంలో ధర్మరాజుకు వచ్చిన కానుకలు అందుకునే పని అతనికే అప్పగించారు. చేతులారా అందుకున్నాడు, ఇంటికొచ్చి పాలిపోయి, చిక్కిపోయి, చివరికి శకునితో పాచికలు వేయించాడు. అసూయా, దురాశా ఎక్కడ కలుస్తాయో ఇంతకన్నా బాగా ఏ నిఘంటువు చెబుతుంది? ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రంలోనే ‘మా గృధః’ అని ఉంది, ఇతరుల ధనాన్ని ఆశించవద్దని. గద్దను గృధ్రం అనేదీ ఆ ధాతువు నుంచే. పరుల సొమ్ము మీద గద్దలా వాలడం అని మన ఇళ్ళలో అనుకోమా? తెలుగు బైబిలు తెరిస్తే పది ఆజ్ఞల చివర ‘పొరుగువాని ఇల్లు ఆశింపకూడదు’ అని ఉంటుంది. ఇంగ్లీషు బైబిల్లో అక్కడ ఉన్న మాట ఈ కవెటే! ఇవేవీ చెప్పరు, చెప్పినవాళ్ళ మీద గీత కొడతారు.

నేను చదివిన బడిలోనూ ఇంతే. తెలుగులో మాట్లాడితే రూపాయి జరిమానా. ఒకరోజు కాలు బెణికి “అమ్మా” అని అరిచినందుకు కట్టించుకున్నారు. మా అమ్మ పోపులపెట్టెలో దాచుకున్న రూపాయి తీసి, నాన్నకు చెప్పకు అంటూ నా జేబులో వేసింది. దెబ్బ తగిలిన పిల్లవాడు అమ్మా అనక ఇంకేమంటాడు? ముప్పై ఏళ్ళయింది. ఆ రూపాయి నేను మరిచిపోలేదు.

ఇందాక మా అమ్మాయి రబ్బరు తెచ్చుకుని ఆ పెన్సిలు రాతను చెరపబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. రేపు సెలవు పెట్టి, ఆ పుస్తకం తీసుకుని బడికి వెళ్తున్నాను.