దోసకాయల సీసా తెరిస్తే గోడ మళ్లీ కట్టమన్నట్టా?

నిన్న సాయంత్రం ఒకప్పటి తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో మా అపార్ట్‌మెంట్ పెరట్లో అందరం భోజనానికి కూర్చున్నప్పుడు, ఎనభై దాటిన మా పక్కింటి పెద్దావిడ తాను తెచ్చిన ఈ తూర్పు ప్రాంతపు స్ప్రేవాల్డ్ ఊర దోసకాయల సీసా మూత తీస్తూ, ఆ కమ్యూనిస్టు కాలంలో నూలు మిల్లులో పనిచేసిన రోజుల్లో పాపను మిల్లువారి శిశుశాలలోనే వదిలి షిఫ్టుకు వెళ్లేదాన్నని చెప్పారు. చెప్పింది అంతే. పశ్చిమాన ఉన్న స్టుట్‌గార్ట్ నుంచి వచ్చి పై అంతస్తు కొనుక్కున్న పెద్దమనిషి, "అయితే బెర్లిన్ గోడ మళ్లీ కట్టించమంటారా?" అని నవ్వాడు. నలుగురూ నవ్వారు. ఆవిడ మాట్లాడకుండా మూత బిగించేశారు.

ఆ పెద్దమనిషికి తెలియనిదేమిటంటే, 1989 అక్టోబర్ 9న పోలీసులు కాల్చవచ్చని తెలిసి కూడా ఆ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఈ ఊరి వీధుల్లో నడిచిన 70,000 మందిలో ఆవిడ ఒకరు. సరిగ్గా నెల తిరిగేసరికి జనం ఒత్తిడికి తలుపులు తెరుచుకున్న ఆ గోడ గురించి, ఆ రోజు ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవారు ఆవిడకు పాఠం చెబుతున్నారు.

బెర్లిన్‌లో గోడ దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు పోయాయనీ, పక్కింటివాళ్ల మాటలు రాసి పంపేవారితో తూర్పు జర్మనీ రహస్య పోలీసు సంస్థ స్టాసీ నడిచిందనీ, ట్రాబంట్ కారు కోసం పదేళ్లకు పైగా ఎదురుచూడాల్సి వచ్చేదనీ ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు? ఆవిడ తలుచుకున్నది ప్రభుత్వాన్ని కాదు, పాపను ఎవరి దగ్గర వదలాలో అన్న బెంగ లేని ఉదయాన్ని. ఈ తేడా అర్థం కావడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. విశాలాంధ్ర దుకాణంలో చవకగా కొన్న సోవియట్ బొమ్మల పుస్తకాలను తలుచుకుని కళ్లు తుడుచుకునే మనవాళ్లను, సైబీరియా శిబిరాలు కావాలా అని ఎవరైనా అడిగారా? మనది తీపి జ్ఞాపకం, ఆవిడది మాత్రం నేరం!

అసలు నా కడుపుమంట ఇప్పటిది కాదు. 1990 జూలై 1న తూర్పువారి జీతాలను ఒకటికి ఒకటి చొప్పున పశ్చిమ జర్మనీ మార్కుల్లోకి మార్చారు. జనం సంబరపడ్డారు, కానీ ఆ జీతాలు మార్కుల్లో చెల్లిస్తూ సరుకు అమ్ముకోలేక ఫ్యాక్టరీలు రాత్రికి రాత్రే కుదేలయ్యాయి. సుమారు 8,500 సంస్థలు, 40 లక్షల మంది ఉద్యోగుల భవిష్యత్తు తూర్పు ప్రభుత్వ సంస్థలను అమ్మే బాధ్యత అప్పగించిన ట్రాయ్‌హాండ్ అనే ఒక్క సంస్థ చేతికి వచ్చింది. అది 1994 చివరికల్లా అమ్మవలసినవి అమ్మి, మూయవలసినవి మూసి, దుకాణం కట్టేసింది. తూర్పులోని బిషోఫరోడె పొటాష్ గని కార్మికులు 1993లో నిరాహారదీక్ష చేసినా ఆ గని మూతపడింది. దీనికి రెండు జర్మనీల ఏకీకరణ అని పేరు! పెళ్లి కుదిరిందని పిలిచి, పుట్టింటి సామానంతా తూకానికి అమ్మేస్తే, ఆ కోడలు ముప్పై ఏళ్ల తర్వాత ఒక గిన్నెను తలుచుకోవడం కూడా తప్పా?

తూర్పు బెర్లిన్ ట్రాఫిక్ దీపంలోని టోపీ మనిషి బొమ్మను కప్పుల మీద ముద్రించి పర్యాటకులకు అమ్ముకున్నప్పుడు మాత్రం అది సంస్కృతి.

ఇంతకీ నిన్న నవ్వుతున్నప్పుడు ఆ పెద్దమనిషి చేతి గ్లాసులో నురగలు కక్కుతున్నది రోట్‌కేప్షెన్ వైన్. అది అచ్చమైన తూర్పు సరుకు. 2002లో పశ్చిమం వారి ముమ్ వైన్ బ్రాండునే కొనేసిన కంపెనీది. అది మూడో గ్లాసు.