లెక్కల పుస్తకం రక్షణ పొందిందా?

"అన్నా, ఈ లెక్కల పుస్తకం వాక్యానుసారంగానే ఉంటుందా?"

అంటే బైబిలు వాక్యానికి ఒప్పుతుందా అని, నాలుగేళ్ల పిల్లాడి పుస్తకం గురించి ఈ ఆరా. అందులో ఉన్నది 1 నుంచి 20 దాకా అంకెలు, లెక్కపెట్టుకోవడానికి పక్కన బాతు బొమ్మలు. డాలస్ చుట్టుపక్కల మన తెలుగు సంఘాల్లో ఎండాకాలం వచ్చిందంటే, ఆరాధన ముగిసి బిర్యానీ ప్లేట్లు చేతికొచ్చే వేళకు ఈ ప్రశ్న కూడా వచ్చేస్తుంది. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిద్దామని తీర్మానించుకున్న అమ్మానాన్నలు అడుగుతారు. అడిగేటప్పుడు గొంతు తగ్గిస్తారు, సంబంధం ఖాయం చేసుకునే ముందు అబ్బాయి తాగుతాడా అని వాకబు చేసినట్టు.

విశ్వాసానికి సంబంధించిన విషయం కనుక నేను తేలిగ్గా తీసుకోలేదు. ఆ బాతుల్ని నిదానంగా పరిశీలించాను. ఏ డినామినేషనో, అంటే ఏ క్రైస్తవ శాఖో, చెప్పడం కష్టం. నిలువునా నీళ్లలో మునుగుతున్నాయి కాబట్టి బాప్టిస్టులు అయ్యుండొచ్చు.

నిజంగా వాక్యానుసారమైన లెక్కలే కావాలంటే బైబిలు గ్రంథంలో లోటేం లేదు. మొదటి రాజులు 7వ అధ్యాయం తియ్యండి. సొలొమోను పోతపోయించిన సముద్రపు తొట్టి ఈ అంచు నుంచి ఆ అంచుకు 10 మూరలు, చుట్టుకొలత 30 మూరలు. అంటే పై (π) విలువ సరిగ్గా 3. దశాంశ బిందువు తర్వాత నడిచేదంతా లోకసంబంధమైనదని గ్రహించాలి. భాగహారానికి ఐదు రొట్టెలు, రెండు చేపలు ఉండనే ఉన్నాయి. 5,000 మందికి పంచితే శేషం పన్నెండు గంపలు! విభాజ్యం కన్నా శేషం పెద్దది వచ్చిన లెక్కకు మా ఊళ్లో మాస్టారైతే తొడపాశం పెట్టేవాడు. తీసివేతలకు గిద్యోను సైన్యం: 32,000 మందిలో 22,000 మంది భయపడి ఇంటికి పోయారు, మిగిలిన పదివేల మందిని వడబోస్తే 300 మంది తేలారు, యుద్ధం గెలిచింది వాళ్లే. ద్రాక్షతోట కూలీల దగ్గరికొచ్చేసరికి అనుపాతాల పాఠం మొత్తం కొట్టుకుపోతుంది. పొద్దుటి నుంచి ఎండలో మాడినవాడికీ ఒక్క గంట పనిచేసినవాడికీ అదే దేనారం. ఇక అసలు లెక్కపెట్టడమనే పాపం సంగతి. దావీదు జనాన్ని లెక్కపెట్టించినందుకు తెగులు వచ్చి 70,000 మంది పోయారు. కాబట్టి సిస్టర్, ఆ బాతుల జోలికి పిల్లాణ్ని పోనివ్వకండి. క్షేమం కాదు.

ఇదంతా నేను వేళాకోళానికి పుట్టించానని అనుకునేవాళ్లకు ఒక సమాచారం. ఫ్లోరిడాలోని పెన్సకోలాలో 1970లలో మొదలైన అబెకా ప్రచురణలు ఈ ఇంటి చదువుల లోకంలో పెద్ద పేరు. లెక్కలు మనిషి సృష్టి అని ఆధునికులు అంటున్నారు, మేం మాత్రం గణిత నియమాలు దేవుడు చేసినవని, అవి మారవని బోధిస్తామని వాళ్ల పాత కేటలాగు గట్టిగా ప్రకటించుకుంది. సమితుల లాంటి కొత్త సిద్ధాంతాల భారం తమ పుస్తకాల్లో ఉండదని కూడా భరోసా ఇచ్చింది. చూశారా! మనమంతా హైస్కూల్లో సమితులు చదివి, సమ్మేళనాలు ఛేదనాలు చేసి, ఆ అపవిత్ర జ్ఞానంతోనే హెచ్-1బీ సంపాదించుకుని ఇక్కడ దిగాం. ఆత్మీయ జీవితంలో ఎక్కడో వెలితిగా ఉందని ఉజ్జీవ కూటాల్లో ఏడుస్తుంటాం కదా, కారణం ఇప్పుడు దొరికింది.

టెక్సస్ ప్రభుత్వానికి మాత్రం ఈ గొడవేదీ పట్టదు. 1994లో లీపర్ కేసు తీర్పులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంటి చదువును ప్రైవేటు బడి కిందే లెక్కేసింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదూ నిజాయితీగా నేర్పితే చాలు. ప్రభుత్వ పరీక్ష లేదు, ఇన్‌స్పెక్టరు రాడు. ఇంత స్వేచ్ఛ చేతికిస్తే మనవాళ్లకు ఊపిరాడుతుందా? ఎంసెట్ నీడలో పెరిగిన ప్రాణాలు. ర్యాంకు లేని చోట ర్యాంకు కనిపెడితే గానీ నిద్రపట్టదు.

ఆ కనిపెట్టడం ఎలా జరుగుతుందో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఒక ఇంట్లో కళ్లారా చూసే భాగ్యం నాకు కలిగింది. పిల్లాడికి నాలుగేళ్లు. తండ్రి సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. ప్రభువు నడిపింపు కోసం ఉపవాసం ఉండి, ఉపవాసం విడిచిన వెంటనే ఏ పాఠ్యక్రమానికి ఎన్ని మార్కులో తేల్చడానికి ఎక్సెల్ తెరిచినవాడు. గోడ మీద పెద్ద టీవీకి లాప్‌టాప్ తగిలించాడు. రాజమండ్రి నుంచి పాస్టరు అయ్యగారు వాట్సాప్ వీడియోలో ఉన్నారు, ఎక్కువసేపు ఆయన చెవి మాత్రమే కనపడింది. నన్ను పెద్దవాణ్నని పిలిచారు. పిల్లాడి తల్లి ఎం.టెక్. భర్త వీసాకు తోడుగా ఇచ్చే హెచ్-4 మీద వచ్చి, పని చేసే అనుమతి లేక, రేపటి నుంచి ఆ ఇంటి బడికి హెడ్మాస్టరూ టీచరూ ఆయా అన్నీ కాబోతున్న మనిషి. సభ జరుగుతున్నంతసేపూ ఆవిడ వంటింట్లో పులిహోర కలుపుతోంది. పిల్లాడు సోఫా కింద పడుకుని ఆకుపచ్చ క్రేయాను తింటున్నాడు.

ముందు ప్రార్థన. తర్వాత వెయిటేజీలు.

"క్లాసికల్ పద్ధతికి 82 వచ్చిందన్నా" అన్నాడు తండ్రి. 1947లో డొరొతీ సేయర్స్ అనే ఆవిడ, డిటెక్టివ్ నవలలు రాసిన మనిషి, ఆక్స్‌ఫర్డ్‌లో ప్రసంగిస్తూ మధ్యయుగాల చదువు మళ్లీ తెస్తే బాగుండునంది. తను చెప్పేది అమలయ్యే అవకాశం దాదాపు లేదని ఆ ప్రసంగంలో ఆవిడే ఒప్పుకుంది. పాపం, ఆవిడకు ఫ్రిస్కో గురించి తెలీదు. ఈ బాటలో నడిచే ఒక కార్యక్రమంలో నాలుగేళ్ల నుంచే చేర్చుకుని, చరిత్ర తేదీలు పాటగా, లాటిన్ విభక్తులు వల్లెగా కంఠతా పట్టిస్తారు. వీడియో కాల్‌లో నానమ్మ "తిన్నావా నాన్నా" అంటే "వాట్?" అనే పిల్లాడు లాటిన్‌లో షష్ఠీ విభక్తి చెబుతాడు. నానమ్మ లాటిన్ నేర్చుకుంటే సమస్య తీరిపోతుంది.

వంటింట్లోంచి ఆవిడ గొంతు వినపడింది. "ఆ ఇంగ్లిషు విద్యావేత్త షార్లెట్ మేసన్ ఆరేళ్లదాకా కూర్చోబెట్టి పాఠాలే వద్దంది కదండీ. బయట తిరగనివ్వమంది."

సభలో ఆ పూట పలికిన తెలివైన మాట అదొక్కటే. దానికి 64 మార్కులు వచ్చాయి. ఆ పద్ధతి మీద నడిచే పాఠ్యక్రమం ఒకటి ఉచితంగా దొరుకుతుందట, ఉచితం కాబట్టి నాణ్యత కింద కోత పడింది. తండ్రి చెప్పిన ఇంకో అభ్యంతరంలో కొంత న్యాయముంది. ఆ మేసన్‌ గారు ఇంగ్లండులో సరస్సులూ వానలూ ఉన్న ఆంబుల్‌సైడ్‌లో కూర్చుని ప్రకృతి పాఠం చెప్పింది. ఆగస్టులో ఫ్రిస్కోలో పిల్లాణ్ని ప్రకృతిలోకి వదిలితే వాడికి దొరికేది కాలిన పచ్చిక, దాని గురించి కాలనీ ఇళ్ల సంఘం హెచ్‌ఓఏ వాళ్లు పంపిన నోటీసు.

"అన్నిట్లోకీ ఫస్టు ఇదన్నా" అని తండ్రి ఒక వరసను పసుపు రంగులో మెరిపించాడు. 91 మార్కులు. యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్. 1970లో ఈ టెక్సస్‌లోనే పుట్టింది. పేస్ అని పల్చటి పుస్తకాలు, ఒకటి పూర్తిచేసి ఇంకోటి. ఆ పద్ధతిలో నడిచే బళ్లలో పిల్లవాడు రెండు పక్కలా చెక్క అడ్డాలున్న బల్ల దగ్గర గోడకు మొహం పెట్టి కూర్చుంటాడు. దాన్ని వాళ్లు నిజంగానే ఆఫీసు అంటారు. సందేహం వస్తే నోరు తెరవకూడదు, చిన్న జెండా నిలబెట్టాలి. తండ్రి కళ్లు మెరిశాయి. "క్యూబికల్ అన్నా! ఇప్పటినుంచే అలవాటైపోతుంది. జెండా అంటే టికెట్ రెయిజ్ చేయడమే." అదే బల్ల గెస్టు రూములో కట్టించడానికి కొలతలు కూడా తీసుకున్నాడు. అయ్యగారి చెవి ఆమోదంగా కదిలింది. ఆ వరస చివర వాక్యానుసారత అని ఒక గడి. 30కి 30.

ఇక్కడిదాకా నవ్వుకున్నాను. ఆ ముప్పైకి ముప్పై దగ్గర నా నవ్వు ఆగిపోయింది.

ఆ పేస్‌లలో నడిచే బొమ్మల కథలు చూశావా బ్రదర్? ఏళ్ల తరబడి పిల్లల చేతుల్లో తిరిగిన ఆ కథల్లో హైలాండ్ బడిలో తెల్ల పిల్లలు, హార్మనీ బడిలో నల్ల పిల్లలు. అందరూ బుద్ధిమంతులే, అందరూ ప్రార్థన చేసేవాళ్లే, బడి మాత్రం వేరు. నీ పిల్లాణ్ని ఏ బడిలో కూర్చోబెడతావు? ఆ ఎక్సెల్‌లో రెండో స్థానంలో 88 మార్కులతో ఉన్నది సౌత్ కరోలినాలోని బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం ప్రచురణ. 1971 దాకా ఒక్క నల్ల విద్యార్థిని చేర్చుకోని చోటు. ఆ తర్వాత కూడా జాతులు కలిసి ప్రేమించుకోకూడదని, పెళ్లాడకూడదని నిబంధన పెట్టి, దానికోసం సుప్రీంకోర్టు దాకా పోయి, 1983లో పన్ను మినహాయింపునే పోగొట్టుకుని, 2000 సంవత్సరం దాకా ఆ నిబంధనను వదలని చోటు. 2008లో క్షమాపణ చెప్పారు, ఆ మాటా చెప్పాలి. కానీ అన్నేళ్లూ కోర్టులో ఏమని వాదించారో తెలుసా? మా నిబంధన వాక్యానుసారమైనది అని! బాతు బొమ్మల్ని బోనెక్కించిన ఆ ప్రశ్న ఇక్కడ ఒక్కరి నోట్లోంచీ రాదేం?

ఈ టెక్సస్‌లోనే యువాల్డీలో 2022లో 19 మంది పిల్లల్ని బడిలోనే చంపేశాక భయంతో బిడ్డను ఇంట్లో పెట్టుకున్న తల్లిని నేనొక్క మాట అనను. వినికిడి లోపమో ఆటిజమో ఉన్న పిల్లాణ్ని బడి పట్టించుకోకపోతే ఇంట్లో కూర్చోబెట్టుకున్న తల్లినీ అనను. నా కోపం ఆ 30కి 30 మీద.

ఎందుకంటే మా ఇంటికి ఈ విశ్వాసం బడి రూపంలో వచ్చింది. మాది ఒంగోలు వైపు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ఆదివారం బడిలో మాకు నూరిపోశారు. అంతకు ఓ పదేళ్ల ముందటి కథ కూడా మా ముసలివాళ్లు చెప్పేవాళ్లు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మాదిగల్ని చేర్చుకుంటుంటే పై కులాల పెద్దలు వచ్చి, వాళ్లొస్తే మా పిల్లల్ని నీ బడికి పంపం అన్నారు. దొర మాదిగల్నే ఎంచుకున్నాడు. పక్కన ఎవరొచ్చి కూర్చుంటారోనని పిల్లల్ని బడి మాన్పించడం మాకు కొత్త విద్యేం కాదు. అప్పుడు ఆ పక్కన కూర్చోబోయింది మా ముత్తాతలు. పలక పట్టుకోనిచ్చినందుకే జన్మంతా స్తోత్రం చెప్పుకున్న మనుషుల మునిమనవలు, ఇవాళ ఐదు పడకగదుల ఇంట్లో కూర్చుని, పిల్లాడికి లోకం అంటకుండా గోడకు మొహం పెట్టించే బల్లకు కొలతలు తీస్తున్నారు. దానికి దేవుడి పేరు!

ఈ మాటలన్నీ కాస్త గట్టిగానే అన్నాను. వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. అయ్యగారికి సిగ్నల్ పోయింది, లేదా పోయిందని అనిపించారు. ఎక్సెల్‌లో ఇంకో గడి చేర్చమన్నాను: ఈ పుస్తకంలో మన రంగు పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?

తండ్రి చాలాసేపు ఆలోచించాడు. మంచివాడు, పెద్దల మాట కాదనడు. కొత్త గడి తెరిచి, కర్సర్ అక్కడే ఉంచి, నావైపు తిరిగాడు.

"వెయిటేజీ ఎంత పెట్టమంటారన్నా? 5 చాలా?"